నా కేసు నేనే చెప్పుకుంటాను

అధ్యక్షస్థానంలో ఉన్న మా సూపరింటెండెంటు డాక్టరు రాంబాబు గారికి, నాలో నాకే తెలియని సుగుణాలను గంటన్నరసేపు తవ్వి తీసిన వక్తలకు, తోటి సిస్టర్లకు, ఆయాలకు, ల్యాబు టెక్నీషియన్ క్రాంతికుమార్‌కు, సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చోబోయే ఆరాధనకు, మా చర్చి అయ్యగారికి, సంఘస్తులకు, గోదావరి పొంగి రోడ్డు తెగకముందే చేరుకోవాలని పొద్దున్నే దుమ్ముగూడెం వైపు నుంచి బయల్దేరి వచ్చిన పెద్దలకు, ముందు వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల మాత్రం నేలకేసి పెట్టుకుని కూర్చున్న మా ఇంటాయన జోజి గారికి, వందనాలు, నమస్కారాలు, దండాలు. ఎవరికి ఏది అలవాటైతే అది తీసుకోండి. (నవ్వులు)

ఇందాక ఒకాయన నన్ను దీపం అన్నారు. ఇంకొకాయన ఏకంగా గోదావరి అన్నారు. జులై నెలాఖరున భద్రాచలంలో నిలబడి ఒక మనిషిని గోదావరి అంటే పొగిడినట్టో తిట్టినట్టో నాకు అర్థం కాలేదు. (నవ్వులు) నేను దీపాన్నీ కాదు, నదినీ కాదు. నర్సును. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇరవై ఏడేళ్లు వార్డుల్లో తిరిగాను, చివరి ఏడేళ్లు ఒక గదిలో కూర్చున్నాను. ఏ గదో మీకందరికీ తెలుసు. హెచ్ఐవీ పరీక్షకు వచ్చినవాళ్లతో మాట్లాడే గది. 2002లో ఆ గదికి కౌన్సిలరు పోస్టు వచ్చింది గానీ మనిషి రాలేదు. "ఆర్నెల్లు చూసుకో సిస్టరూ, మనిషి వచ్చేస్తాడు" అన్నారు అప్పటి పెద్ద డాక్టరు గారు. ఆ ఆర్నెల్లు ఈ సాయంత్రం అయిదింటితో అయిపోయాయి.

ఆ గదిని ఎవరు ఎంపిక చేశారో గానీ మహా తెలివైనవాళ్లు. ఒక పక్క ఎక్స్‌రే, ఇంకో పక్క మరుగుదొడ్లు. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా కడుపు పట్టుకుని మరుగుదొడ్డికి పోతున్నట్టే నడిచివచ్చి, ఆఖరి అడుగులో గభాలున నా గదిలోకి తిరిగేవాళ్లు. లోపలికొచ్చి కూర్చున్నాక కూడా అరగంటదాకా సొంత సంగతి చెప్పేవాళ్లు కాదు. "నాకేం గాలేదమ్మా, మా బామ్మర్దికి జరంత డౌటున్నది" అనేవాళ్లు. ఎవరిని కదిలించినా బామ్మర్దే. తునికాకు కల్లంలో పనిచేసేవాడికీ బామ్మర్దే, జీపు తోలేవాడికీ బామ్మర్దే. మొదటి ఏడాదిలో నాకు నిజంగానే అనుమానం వచ్చింది, ఈ ఏజెన్సీలో బావలంతా పునీతులై, పాపాలన్నీ బామ్మర్దుల చేత చేయిస్తున్నారేమోనని. (నవ్వులు) నేనూ తగ్గేదాన్ని కాదు. "మీ బామ్మర్దికి ఏం భయం లేదని చెప్పు నాయనా, ఆయన రక్తం నీ చేతిలోంచి తీస్తాం" అనేదాన్ని. చొక్కా చెయ్యి పైకి మడిచేవాళ్లు పాపం.

సరే. నేను మైకు దగ్గరికి లేచి వస్తుంటే ఈ హాల్లో కొందరి మొహాల్లో రంగు మారడం చూశాను. నాలుగో వరుసలో ఒకాయన అప్పుడే దాహమైనట్టు లేచాడు. కూర్చోండి బాబూ. ఈ ముసల్ది రిటైరైంది, ఇంకేం భయం, మైకు దొరికింది, ఏడేళ్లలో విన్నవన్నీ ఇప్పుడు కక్కుతుందేమోనని మీ భయం. కక్కను. గదిలో విన్నది గదిలోనే ఉంటుంది. ఎవరి పేరూ చెప్పను, ఎవరి ఊరూ చెప్పను, ఎవరి బామ్మర్ది సంగతీ చెప్పను. (నవ్వులు, చప్పట్లు) కానీ వీడ్కోలు సభ అన్నాక ఏదో ఒక అనుభవం చెప్పాలంటారు. ఇంకొకరి అనుభవం చెప్పే హక్కు నాకు లేదు. అందుకని నా కేసు నేనే చెప్పుకుంటాను. అవును, నాదే. 2003లో, యాభై రెండేళ్ల వయసులో, ఇదిగో ఈ విశ్రాంతమ్మ సిస్టరు బల్లకు అవతలి పక్క కూర్చుంది.

ఇందులో నాతోపాటు ఇంకా ఇద్దరున్నారు. ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. ఒకరు మా ఇంటాయన. ఆయన దగ్గరైతే సంతకం కూడా పెట్టించుకున్నాను, పొద్దున ఇడ్లీ పెట్టకముందే. (నవ్వులు) రెండో మనిషి, పేరు తీసేసి చెప్పుకోమ్మా అన్నాడు. ఆయన ఈ హాల్లో ఉన్నాడో లేడో చెప్పను. తలలు తిప్పకండి. ఇటు చూడండి, దండ నాకు వేశారు.

మా జోజి గారు బోరుబండి మీద సూపర్‌వైజరుగా పనిచేసేవారని మీలో చాలామందికి తెలుసు. సంక్రాంతి దాటాక బండి కదిలిందంటే కుంట, సుక్మా, మల్కాన్‌గిరి, ఎక్కడ పిలిస్తే అక్కడ బోర్లు వేసుకుంటూ, నాలుగైదు నెలల తర్వాత వానలు మొదలయ్యేటప్పుడు ఇల్లు చేరేవారు. ఆ ఏడు మృగశిర కార్తె రోజున వచ్చారు. చేతిలో రెండు కిలోల చేప. మృగశిర నాడు చేప తినాలని మన దగ్గర హిందువులకెంత పట్టుదలో క్రైస్తవులకూ అంతే, ఈ ఒక్క విషయంలో సంఘభేదం లేదు. చేపల పులుసు చేశాను. పిల్లలు పెళ్లిళ్లయి ఎవరింటికి వాళ్లు పోయారు. ఇంట్లో ఇద్దరమే. నాలుగు నెలల తర్వాత వచ్చిన మొగుడు. ఆ పైన ఏం జరిగిందో నేను చెప్పను, మీరు అడగకండి. డాక్టరు గారూ, మీరు నీళ్లు తాగండి. (నవ్వులు)

నాలుగో రోజు పొద్దున నా గదికి ఒక మనిషి వచ్చాడు. మన ఊరివాడు కాదు, ఆ సీజన్లోనే కొత్తగా పనిలో చేరినవాడు. ఒంటి మీద ఆకుపచ్చ బనియను, దాని వీపు మీద బోరుబండి పేరు అచ్చేసి ఉంది. అచ్చం అలాంటి బనియనే ఆ క్షణాన మా ఇంటి దండెం మీద ఆరుతోంది. నేనెవరి భార్యనో అతనికి తెలియదు. కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు అడుగుతూ పోయాను. ఒక చోట అతను తల గోక్కుని, "నేనొక్కన్నే గాదమ్మా. పని ఖతమైన దినం తాగినం. మేమందరం పోయినం" అన్నాడు.

అందరం అన్నాడు. బండి మీద ఎనిమిదిమంది. అందరంలో సూపర్‌వైజరు కూడా ఉన్నట్టా, లేనట్టా? నోటిదాకా వచ్చింది. అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ ఆ ప్రశ్న నా కాగితంలో లేదు. అతను నన్ను నమ్ముకుని తన భయం చెప్పుకోవడానికి వచ్చాడు గానీ, నా మొగుడి మీద సాక్ష్యం చెప్పడానికి రాలేదు. పెన్ను గట్టిగా పట్టుకుని, మామూలుగా చెప్పే మాటే చెప్పాను. "ఒక్కసారికే వస్తదని లేదు నాయనా, భయపడకు. ఇప్పుడు చేస్తే తెల్వదు, మూడు నెలలు కావాలె. అప్పటిదాకా ఇంట్ల జాగ్రత్త" అన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను తలుపేసుకుని, గోడ మీది క్యాలెండరులో సెప్టెంబరు కాగితం తిరగేసి, వేలితో రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి "నువ్వూ పోయినవా?" అని అడగొచ్చు కదా అంటారు మీరు. ఎట్లా అడగను? "నీకెవరు చెప్పిన్రు?" అంటే ఏం చెప్పను? మా గదికి ఎవరొచ్చారో, ఏం చెప్పారో, కట్టుకున్నవాడికి కూడా చెప్పనని ఆ గదిలో చేరిన రోజు నేను మాట ఇచ్చాను. కట్టుకున్నవాడే ఆ సంగతి అయినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. (నవ్వులు)

అక్కణ్నుంచి మా ఇంట్లో నాటకం మొదలైంది. ఆ రాత్రి నుంచి నాకు దోమలంటే విపరీతమైన భయం పుట్టింది. దవాఖానాలో మందు పూసిన దోమతెర ఒకటే ఇచ్చారని, అది ఒకరికే సరిపోతుందని, ఏజెన్సీలో ఉద్యోగం చేసే మనిషికి మలేరియా వస్తే ఎట్లాగని చెప్పి వేరే మంచం వేసుకున్నాను. ఆయన గొడవ చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. పైగా, "మంచిగయింది. నాకు గూడ నడుం నొస్తంది. గట్టి నేల మీద పండాలెనట" అని చాప తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. నేను తెరలో, ఆయన చాప మీద, మధ్యలో తలుపు. ఎవరి సాకు వాళ్లం వాటేసుకుని పడుకునేవాళ్లం. ఈయనకు ఇంత సులువుగా నడుం నొప్పి ఎందుకొచ్చిందా అని నేను, ఈమెకు ఇంత సులువుగా దోమల భయం ఎందుకొచ్చిందా అని ఆయన, తెల్లార్లూ కళ్లు తెరుచుకుని ఉండేవాళ్లమట. ఇది తర్వాత తెలిసింది.

పగలు నేను చేసిన పనులు చెబితే నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. పొద్దున్నే టార్చిలైటు పెట్టి అద్దంలో నాలుక చూసుకునేదాన్ని. ఓపీలో బరువు చూసే మిషను మీద రోజుకు రెండుసార్లు ఎక్కేదాన్ని, చెప్పులు విప్పి ఒకసారి, వేసుకుని ఒకసారి. ముక్కు కారితే అదే అనుకున్నాను. మెడ మీద చెమటకాయ లేస్తే అదే అనుకున్నాను. అరకిలో తగ్గితే ఆ పూట అన్నం సహించేది కాదు, అన్నం తినకపోతే మర్నాడు ఇంకో అరకిలో తగ్గేదాన్ని. క్రాంతికుమార్ నన్ను చూసి "ఏంది సిస్టర్, డైటింగా?" అన్నాడు. "అవ్ నాయనా, మనవరాలి పెళ్లినాటికి సన్నబడాలె" అన్నాను. అప్పటికి నా మనవరాలికి రెండేళ్లు. (నవ్వులు)

నాకు లెక్కలు తెలియక కాదు. ఒక్కసారి కలయికతో అంటుకునే అవకాశం చాలా తక్కువని పుస్తకం చెబుతుంది. ఆ మాట వందలమందికి చెప్పాను. నాకు నేను చెప్పుకుంటే మాత్రం చెవిలో దూరలేదు. తక్కువ అంటే లేదని కాదు కదా అని లోపల ఎవరో గీపెట్టేవారు. అప్పుడు నాకు సిగ్గేసింది. జనం ఎంత గుండె చిక్కబట్టుకుని నా ముందు కూర్చుంటే, నేను చల్లగా "భయపడకు" అనేసి, తర్వాతి నంబరు పిలిచానా అని. ఆరాధనా, నీకు అప్పగింతల్లో రాయని మాట ఇదొక్కటే. ఆ రోజునుంచి నేను ఎవరితోనూ భయపడకు అనలేదు. "భయమైతది. నాకు తెల్సు. అయినా రా" అనేదాన్ని. నువ్వూ అట్లాగే అను.

ఇక ఆగస్టు మొదటి ఆదివారం. మా చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్లు పేరు రాయకుండా చీటీ వేస్తే, అయ్యగారు చదువుతారు, సంఘమంతా ప్రార్థన చేస్తుంది. ఆ రోజు జ్వరాలు, పరీక్షలు, తప్పిపోయిన మేక, అన్నీ అయ్యాక అయ్యగారు ఇంకో చీటీ తీసి గట్టిగా చదివారు. "అయ్యా, నేను దిగగూడని తాన మూడు వందల అడుగులు దిగిన. బురద తప్ప ఏం రాలే. కేసింగు గూడ వెయ్యలే. రిపోర్టు మంచిగ రావాలని సంఘం ప్రార్థించగలరు. ఇట్లు, పేరు చెప్పలేని సహోదరుడు."

పేరు చెప్పలేదట. మా సంఘంలో నూట ఇరవైమంది, అందులో బోర్లు వేసేవాడు ఒక్కడు! (నవ్వులు) నూట పందొమ్మిది తలలు ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంఘానికి అర్థమైంది ఏమిటయ్యా అంటే, జోజన్న వేసిన బోరు ఫెయిలైంది, నీళ్లు పడలేదు, ఆ భూమి రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాడు అని. అయ్యగారూ, మీరు ఆ రోజు చేసిన ప్రార్థన నాకింకా గుర్తుంది. "బండలోంచి నీళ్లు రప్పించిన దేవా, ఆ చోట ధారాళముగా నీళ్లు పడునట్లు చేయుము" అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. ఆదెమ్మ పెద్దమ్మయితే ఏడ్చేసింది. (పెద్దగా నవ్వులు)

నూట ఇరవైమందిలో ఆ చీటీ అర్థమైంది నాకొక్కదానికే. పాతికేళ్లకు పైగా బోర్ల భాష విన్న చెవులివి, కేసింగంటే బోరు కూలకుండా దించే గొట్టమని ఎరిగినవి. దానికితోడు రిపోర్టు అనే మాట నా గదిలో రోజూ వినేదే. అందరంలో ఈయన కూడా ఉన్నాడు. చుట్టూ జనం నీళ్లు పడాలని కేకలు వేసి ప్రార్థిస్తున్నారు, నా కళ్లలో మాత్రం అప్పటికే పడ్డాయి.

చర్చి అయ్యాక ఆయన్ని వదిలితేనా? ఒకరు భుజం తట్టారు. ఆదెమ్మ పెద్దమ్మ నాటుకోడిగుడ్లు డజను చేతిలో పెట్టి "పడతయ్ లే బిడ్డా" అంది. సంఘపెద్ద ఒకాయన పక్కకు పిలిచి, "కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసేటోడు కుసుమంచిల ఉన్నడు. తోల్కపోత. అయ్యగారికి జెప్పకు" అన్నాడు. ఇప్పుడు అయ్యగారికి తెలిసిపోయింది, క్షమించాలి. (నవ్వులు)

ఇంటికొచ్చి అన్నం పెట్టాను. మొదటి ముద్ద ఎత్తాడు.

"ఎన్నడు దిగినవ్?" అన్నాను.

"ఏంది?"

"మూడు వందల అడుగులు."

ముద్ద కంచంలో పడేశాడు. "బండి మలిపే ముందు. మే నెలల. ఒక్కసారే, తాగి ఉన్న" అన్నాడు.

"ఇంటికొచ్చినంక నన్ను ముట్టుకునే ముందు చెప్పాలె గద!"

"గప్పుడు నాకు గిదంత తెల్వదే. మూడు దినాలకు బస్టాండు కాడ గోడ మీద సదివిన. మీ దవాఖానోళ్లు రాయించిందే. గప్పటిసంది నిద్రలేదు."

ఆ గోడ మీది రాత రాయించింది నేను. అక్షరాలు పెద్దగా ఉండాలని పెయింటరుతో రెండు రోజులు పోట్లాడి రాయించాను. ఊరందరికోసం రాయించిన రాత నా ఇంటికే వచ్చి చేరింది.

"మరి రిపోర్టేంది?"

"ఈడ పరీక్ష చేసేది ఒక్కటే గది. ఆ గదిల కూసునేది నువ్వు. ఏం జెయ్యాలె? ఖమ్మం పోయి ప్రైవేటుల రక్తమిచ్చిన." గొంతు ఇంకా తగ్గించి, "మీ తమ్ముని పేరు మీద" అన్నాడు.

మా తమ్ముడు ఎర్రుపాలెంలో వ్యవసాయం చేసుకుంటాడు. పొలం గట్టు దాటి ఎరగడు. పరాయి ఆడమనిషి ఎదురొస్తే కాలవలోకి దిగి దారి ఇచ్చే మనిషి. వాడి పేరు మీద ఖమ్మంలో హెచ్ఐవీ పరీక్ష! నా దగ్గరికి అంతమంది బామ్మర్దుల పేరు చెప్పుకుని వచ్చారే, ఆఖరికి నా తమ్ముడే బామ్మర్ది అయ్యాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వానని కోపం పోలేదండీ. ఆ కోపం మీకు చెప్పేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం. గిన్నెలు రెండు వాకిట్లోకి విసిరాను. ఒకటి ఇప్పటికీ సొట్టగానే ఉంది, అందులోనే ఈయనకు మజ్జిగ పోస్తాను. (నవ్వులు)

ఖమ్మంవాళ్ల రిపోర్టు బాగానే వచ్చింది గానీ, మూడు నెలలు నిండాక మళ్లీ చూపించుకోమన్నారు. నా మూడు నెలలు సెప్టెంబరు ఎనిమిదికి నిండుతాయి. ఆ రోజున ఇద్దరం కలిసి ఇక్కడే చేయించుకుందామన్నాను. "నీ గదిలనా?" అన్నాడు. "నా గదిలనే. మరుగుదొడ్డికి పోతున్నట్టు నడువు" అన్నాను.

సొంత మనుషులకు కౌన్సిలింగు చెయ్యకూడదని రూలు. అందుకని రాంబాబు గారిని అడిగాను. అప్పుడాయన కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు, నన్ను అమ్మా అని పిలిచేవారు. పాపం ఆ రోజు నా కుర్చీలో కూర్చుని, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని, ప్రశ్న అడగకుండానే లేదు, లేదు, లేదు అని రాసేసుకుంటున్నారు. "అడగండి సార్. అడగకుండా రాయకూడదు" అన్నాను. "అమ్మా, గత ఆర్నెల్లలో మీరు... అంటే మీకు... ఒకరికంటే..." అని గోడకేసి చూస్తూ అడిగారు. "లేదు సార్" అన్నాను. "మీరు కండోము... అంటే తమరు..." అన్నారు. అంత గౌరవంగా ఆ ప్రశ్న ఈ రాష్ట్రంలో ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. (పెద్దగా నవ్వులు) డాక్టరు గారూ, నవ్వొచ్చిందని చెబుతున్నాను గానీ, ఆ రోజు మీరు మా ఇద్దరి మొహాల్లోకీ చూడకుండా ఉండటం మాకెంత సాయమైందో మీకు తెలియదు.

క్రాంతికుమార్ రక్తం తీసుకెళ్లాడు. అరగంటకు రెండు కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పాము కరిచిన మనిషిని తెచ్చారని డాక్టరు గారు పరుగెత్తారు. "ఇవ్వు నాయనా" అన్నాను. కదల్లేదు. "రిపోర్టు కౌన్సిలరే చెప్పాలెనని రూలు పెట్టింది మీరే గద సిస్టర్" అన్నాడు. "నేనే గదరా కౌన్సిలర్ని" అన్నాను. "ఇయ్యాల కాదు సిస్టర్" అన్నాడు. వాడి చెవి మెలిపెట్టాలనిపించింది, వాడిని చూసి గర్వంగానూ అనిపించింది. వాడు బయట బెంచీ మీద ఆ కాగితాలు తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. లోపల మేమిద్దరం.

ఆ నలభై నిమిషాలు నా సర్వీసులోకెల్లా పొడుగైనవి. ఆయన నేల చూస్తూ, "నాకున్నా పర్లేదు. నీకు లేకుంటే చాలు" అన్నాడు.

నేను బల్ల మీది ఫైళ్లు సర్దాను.

"నాకుంటే పోతవా?" అన్నాడు.

"పోను. మందులెవరిస్తరు?"

"గంతేనా?"

"గిప్పటికి గంతే."

అంతకంటే మంచి మాట నాలో ఆ రోజున లేదు. ఉన్నదే చెప్పాను. క్షమించావా అని ఇప్పటికీ అడుగుతుంటాడు. రోజూ కొంచెం కొంచెం చేస్తున్నాను, అయిపోయినప్పుడు చెబుతాను అంటాను. ఆ తర్వాత ఏడాది నుంచి, జనవరిలో బండ్లు కదిలే ముందు, బోరు పనివాళ్లందరినీ కూర్చోబెట్టి తన సంగతి తనే చెప్పి, కండోము డబ్బాలు పంచి పంపుతున్నాడు. కేసింగు లేకుండా దిగితే ఏమైతదో నన్ను చూడుర్రి అంటాడు. నేను గంట చెప్పినా ఎక్కనిది వాళ్లకు ఆ ఒక్క మాటతో ఎక్కుతుంది. ఆ కొత్త పనివాడు నాకు ముందే చెప్పిన సంగతి మాత్రం ఆరేళ్లు దాచాను. అతను సరే అన్నాక, పోయిన వారం ఈయనకు చెప్పాను. "గన్ని దినాలు కడుపుల పెట్టుకుని ఎట్ల వండిపెట్టినవే నాకు?" అన్నాడు. అది తెలిస్తే నేనే చెప్పేదాన్ని.

డాక్టరు గారు పాము కాటు మనిషిని బతికించి వచ్చారు. కాగితాలు విప్పారు. ఇద్దరికీ నెగెటివ్.

(పెద్దగా చప్పట్లు)

ఆపండి. దయచేసి ఆపండి.

ఇంతసేపూ నవ్వించాను. ఈ ఒక్క మాట నవ్వకుండా వినండి. నా ముప్పై నాలుగేళ్ల సర్వీసుకు కొట్టినవాటికంటే ఇవి గట్టిగా కొట్టారు. దేనికి? ఈయన చేసిన తప్పు చేసినట్టే ఉంది. నేను దోమతెరలో పడుకుని ఏడ్చిన ఏడుపు ఏడ్చినట్టే ఉంది. ఆ కాగితం మీద ఇంకో మాట ఉంటే మేం వేరే మనుషులమా? ఇదే తప్పు చేసి ఇంకో కాగితం అందుకున్నవాళ్లున్నారు. ఏ తప్పూ చెయ్యకుండా, ఇంటికొచ్చిన మొగుడికి చేపల పులుసు వండిపెట్టి, ఆ కాగితం అందుకున్న ఆడవాళ్లున్నారు. వాళ్లకు నేనే చదివి చెప్పాను, ఈ నోటితోనే. వాళ్లలో ఒక్కరైనా ఈ హాల్లో ఉన్నారని అనను, లేరని అనను. ఉంటే, మీ చప్పట్లు వాళ్లూ విన్నారు. వినడమే కాదు, కొట్టి ఉంటారు. కొట్టకపోతే పక్కవాళ్లు చూస్తారని.

(మౌనం)

ఎవరు కొట్టారో ఎవరు కొట్టలేదో నేను చూడలేదు. ఈ కథ మొదలుపెట్టే ముందే కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకున్నాను. మీరంతా నాకు మసకగానే ఉన్నారు.

ఇంత మంచి సభ పెట్టిన డాక్టరు గారికి, స్టాఫుకు, వానలో వచ్చిన మీ అందరికీ, తల వంచుకుని కూర్చున్నా లేచి వెళ్లిపోని మా ఆయనకు కృతజ్ఞతలు. ఒక్క కోరిక ఉంది. ఏడేళ్లుగా సంతలో నన్ను చూసి పక్క సందులోకి తప్పుకున్నవాళ్లున్నారు. నాతో మాట్లాడితే ఆ గదికి పోయొచ్చారని జనం అనుకుంటారని మీ భయం. మీ భయం నాకు తెలుసు గనకే నేనూ ఎవరినీ ముందు పలకరించలేదు. కూరగాయలు తీసుకుని, ఎవరూ తెలియనిదానిలా తలవంచుకుని ఇంటికి పోయేదాన్ని. ఇంత మందిని ఎరిగీ ఏడేళ్లు ఒంటరిగా సంత చేశాను. రేపటినుంచి నాకు ఆ గది లేదు. ఉత్త విశ్రాంతమ్మను. వచ్చే సంతలో వంకాయలు ఏరుకుంటూ నిలబడతాను. నాకు అలవాటు తప్పింది, మీరే ముందు పలకరించాలి.

సెలవు.